సిక్స్‌పెన్స్ గారు

గిరిధరరావుకు సబ్బు గురించి తెలియనిది లేదు. మనుషుల గురించి కూడా తెలియనిది లేదని అతని నమ్మకం. మొదటిది నిజమే. విశాఖపట్నంలో సబ్బుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసినవాడు. పెద్ద బాణలిలో నూనె, కాస్టిక్ కలిసి ఉడుకుతుంటే దూరాన్నుంచే వాసన చూసి పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పేసేవాడు. రెండోదాని సంగతి తేలడానికి మాత్రం సముద్రం దాటి డర్బన్ దాకా రావలసివచ్చింది.

పాలకొండ దగ్గర పల్లెలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, నలభై నాలుగో ఏట, 1997లో, కంపెనీ పంపగా దక్షిణాఫ్రికా వచ్చాడు. ఆ కంపెనీకి హెడ్డాఫీసు యూరప్‌లో, ఫ్యాక్టరీలు పాతిక దేశాల్లో. డర్బన్ శివార్లలో మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరుకు తోటలకు ఆనుకుని ఉన్న సబ్బుల ఫ్యాక్టరీకి అతను ఉత్పత్తి మేనేజరు. ముందు రెండేళ్లు, పని నచ్చితే ఇంకో మూడేళ్లు పొడిగిస్తామన్నారు. ఆ మూడేళ్లూ దొరికితే కూతురు కీర్తి హైస్కూలు చదువు ఇక్కడే ఒక కొలిక్కి వస్తుందని, మధ్యలో బడి మార్చే బాధ ఉండదని, రెడ్‌హిల్‌లోని అద్దె ఇంట్లో అతనూ భార్య వసంతా రోజూ అనుకునేవారు.

అతని కింద అరవై మంది. ఆ గడ్డ మీది నల్లజాతి జులూలు ఎక్కువ. ఆ తర్వాత, నాలుగు తరాల కిందట చెరుకు తోటల్లో కూలికి వచ్చిన భారతీయుల మునిమనవలు. ముగ్గురు తెల్ల ఫిట్టర్లు. అందరికీ ఓటు వచ్చి మూడేళ్లు దాటినా మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరి బల్ల వాళ్లదే. గిరిధరరావు దాని మీద ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. క్యారియర్ పట్టుకుని రోజుకో బల్ల దగ్గర కూచునేవాడు. వసంత పెట్టిన ఆవకాయ తిని ఫిట్టర్లు కళ్లు తుడుచుకుంటుంటే జులూ బల్ల మీద వాళ్లు పగలబడి నవ్వారు. మర్నాడు వాళ్లే వచ్చి ఆ సీసా అడిగారు. పొద్దున్నే లైను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి ప్రతి ఒక్కరినీ పలకరించేవాడు. మనిషిని మర్యాదగా పిలవడం తెలిస్తే మేనేజరుకు వేరే చదువు అక్కర్లేదని అతని సిద్ధాంతం. ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీలో గొడవలు తగ్గాయి, సబ్బు పెరిగింది. సిద్ధాంతం ఋజువైపోయిందని అతను గట్టిగా అనేసుకున్నాడు.

షిఫ్టు సూపర్‌వైజరు విల్‌ఫ్రెడ్ అతనికి కుడిభుజం. యాభై రెండేళ్ల మనిషి. విల్‌ఫ్రెడ్ ముత్తాత విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల వరస ఇళ్లలో పుట్టిన ఈ ముత్తాత మునిమనవడు ఇప్పుడు ఆదివారాలు పెంతెకోస్తు చర్చిలో గిటారు వాయిస్తాడు. అతనికి తెలుగు వచ్చీరానట్టు వస్తుంది. అందులో ‘మీరు’ అనే మాట లేదు. మొదటిరోజే "నువ్వు ఎప్పుడు వచ్చినావు?" అన్నప్పుడు గిరిధరరావు మనసు చివుక్కుమంది. పాపం, ఆ మాట ఓడలోనే ఎక్కడో పోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

అందరిలోకీ పెద్దవాడు మఖీజే. జులూ మనిషి, అరవై ఒక్క ఏళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా సబ్బు బాణలి ఆయనదే. తాపీతో ఉడుకు సబ్బు కాస్త తీసి, పక్కకు వాల్చి, అది జారే తీరు చూసి "ఇంకొంచెం ఉప్పునీళ్లు" అనేవాడు. లేబొరేటరీ వాళ్లు గంట తర్వాత అదే మాట కాగితం మీద రాసి పంపేవారు. సబ్బు విషయంలో గిరిధరరావు తల వంచింది ఆ ఒక్క మనిషి ముందే. కుర్రాళ్లు ఆయన్ని ‘ఖబజేలా’ అని పిలుస్తుంటే అదేదో ముద్దుపేరు కాబోలనుకున్నాడు. తను మాత్రం ‘మిస్టర్ మఖీజే’ అనేవాడు.

ఇలా సాఫీగా సాగుతున్న రోజుల్లో, 1998 మొదట్లో, హెడ్డాఫీసు వాళ్లకు ఒక మంచి ఆలోచన వచ్చింది. హెడ్డాఫీసులకు మంచి ఆలోచనలు వస్తే ఫ్యాక్టరీల్లో ఎవరో ఒకరికి మూడినట్టే. ఇకమీదట పాతిక దేశాల్లోనూ మిస్టర్లు లేరు, సార్లు లేరు, మేడమ్‌లు లేరు. పెద్ద డైరెక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరినీ మొదటి పేరుతోనే పిలవాలి. గుండెల మీద ఆ పేరే రాసిన బిళ్ల పెట్టుకోవాలి. సిబ్బంది విభాగం చూసే లెస్లీకి ఇది ప్రాణంతో సమానమైపోయింది. ఆమె తెల్లామె, కాలేజీ రోజుల్లో వర్ణవివక్షకు ఎదురు తిరిగిన ఊరేగింపుల్లో పోలీసు దెబ్బలు తిన్న మనిషి.

"ఒకణ్ణి బాస్ అనీ, ఇంకొకణ్ణి బాయ్ అనీ పిలిచిన దేశం ఇది. ఆ తేడా ఇక్కడ, ఈ గేటు దగ్గర పోవాలి" అంది మీటింగులో.  నటన కాదు. గిరిధరరావుతో సహా అందరూ చప్పట్లు కొట్టారు.

బిళ్ల పెట్టుకోకపోతే కాగితం మీద హెచ్చరిక ఇస్తారు. మూడు హెచ్చరికలైతే విచారణ, ఆ తర్వాత ఉద్యోగం ఊడటమే.

గిరిధరరావు బిళ్ల మీద ‘గిరి’ అని ఉంది. ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే వసంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇరవై ఏళ్లుగా మీ పేరు నా నోటితో అన్నానా నేను? ఇప్పుడు ఊడ్చే కుర్రాడు కూడా గిరీ అంటాడన్నమాట."

"కంపెనీ నియమం."

"నన్నూ పేరు పెట్టి పిలవాలనో నియమం పెట్టమనండి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదిగో, ఏమేవ్, ఇవే కదా నా పేర్లు."

మర్నాడు బాణలి దగ్గరకు వెళ్లి చూస్తే మఖీజే గుండెల మీద ‘సిక్స్‌పెన్స్’ అని ఉంది.

ఇంకొకడైతే ఆ పేరు చూసి ఇబ్బంది పడేవాడు. ఆరు పెన్నీల పాత నాణెం పేరు మనిషికేమిటని అడిగేవాడు. గిరిధరరావు అడగలేదు. అతనికి ఒళ్లు పులకరించింది. ఎందుకంటే అతని తాత పేరు తవిటయ్య. ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ పోతే, నాలుగోవాణ్ణి పుట్టగానే చాటలో వేసి, గుప్పెడు తవుడుకు పొరుగమ్మకు ఇచ్చేసి, మళ్లీ తెచ్చుకున్నారు. విలువ లేని బిడ్డ అనుకుంటే చావు వాడి జోలికి రాదని తల్లి ఆశ. వాళ్ల వైపు ఊళ్లలో తవుళ్లు, తవిటమ్మలు, పెంటయ్యలు ఎంతమందో. సముద్రానికి ఇవతల కూడా ఒక తల్లి అలాగే బిడ్డను ఆరు పెన్నీలకు ఇచ్చి కాపాడుకుందన్నమాట! మనుషులంతా ఒకటే అని పుస్తకాల్లో చదవడం వేరు, ఇలా కళ్లెదుట చూడటం వేరు.

ఆ ఉత్సాహంలో తాత కథంతా అక్కడే నిలబడి చెప్పాడు. మఖీజే తాపీ పట్టుకుని విన్నాడు, ఏమీ అనలేదు. ఆ మౌనం మొహమాటమనుకున్నాడు గిరిధరరావు.

నియమం ప్రకారం పేరుతో పిలవాలి. అరవై దాటిన మనిషిని ఒట్టి పేరుతో పిలవడానికి తెలుగువాడి నాలుక ఒప్పుకోదు. అందుకని తోక తగిలించాడు. "సిక్స్‌పెన్స్ గారూ!" అని మెట్ల మీద నుంచి, యంత్రాల హోరు మించేలా, ప్రేమగా కేకేసేవాడు. గారు అంటే ఏమిటని కుర్రాళ్లు అడిగితే, మా భాషలో పెద్దల పేరు వెనక పెట్టే గౌరవమని చెప్పాడు. రోజుకు పదిసార్లు, మూడు వారాలు, అలా పిలిచాడు.

మూడో వారంలో మఖీజే బిళ్లను వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. లెస్లీ మొదటి హెచ్చరిక ఇచ్చింది. ఆయన బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు. రెండో హెచ్చరిక వచ్చింది. యూనియన్ వాళ్లు అడిగినా ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే సభలో ఆ పేరు పైకి అనాలి కదా. పదవీ విరమణకు ఇంకా పధ్నాలుగు నెలలుంది. మూడో కాగితం మీద పై మేనేజరు గిరిధరరావు ఫిర్యాదుదారుగా సంతకం పెట్టాలి, గురువారం విచారణ అంది లెస్లీ.

గిరిధరరావుకు కోపం వచ్చింది. బాధ కలిగితే కోపంగా మార్చుకోవడం అతనికి అలవాటే. ఇంత గౌరవిస్తే ఇదా? భోజనాల వేళ విల్‌ఫ్రెడ్‌ను పక్కకు పిలిచి ఆ మాటే అన్నాడు.

విల్‌ఫ్రెడ్ తన బూట్ల వైపు చూస్తూ అన్నాడు.

"తమ్ముడూ, వాళ్లమ్మ పెట్టిన పేరు కాదు అది."

"మరి?"

"మా పెద్దనాయన రాసినాడు. గేటు కాడ క్లర్కు మా పెద్దనాయన. జులూ పేరు నాలిక తిరగదు. బుక్కులో రాసేస్తాడు, జిమ్, ఫ్రైడే, సిక్స్‌పెన్స్. కొత్త మనిషి వచ్చినాడు, పేరు చెప్పినాడు, పెద్దనాయన రాయలే. సిక్స్‌పెన్స్ అని రాసి లోపలికి పో అన్నాడు. అప్పుడు తెల్ల బాసులు అట్లే పిలిచేది. ఆఖరి బాసు తొంభై మూడులో పోయినాడు. అప్పటినించీ ఎవరూ పిలవలే. ఫైల్లో ఉండిపోయింది. నువ్వే మళ్లీ..."

అతను చేత్తో మెట్ల వైపు చూపించాడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"షేమ్, ఎట్ల చెప్పేది? నా రక్తమే కదా రాసింది. ఆ తెల్లోళ్లు మా పెద్దనాయనని మటుకు పేరు పెట్టి పిలిచినారా? ఇండియన్ అంటే అందరూ సామీ. ఏ సామీ, ఇటు రా. ఆయన పేరు అప్పలనర్సయ్య. ఎవరికి తెలుసు? వాళ్లు ఆయనకి చేసినారు, ఆయన ఈ మనిషికి చేసినాడు. నువ్వు పైనించి అరుస్తావు, నేను తలకాయ కిందికి వేసుకుంటా."

గిరిధరరావుకు అన్నం సహించలేదు. క్యారియర్ మూసేసి బాణలి దగ్గరకు నడిచాడు.  నలుగురిలో తలెత్తుకు తిరిగే మనిషి సిగ్గుపడితే ఎలా ఉంటుందో అతనికి అంతవరకు తెలియదు.

మఖీజే ఒక పెట్టె మీద కూచుని మొక్కజొన్న పిండి సంకటి తింటున్నాడు. గిరిధరరావును చూసి లేవబోయాడు.

"కూచోండి. నాకు ఇప్పుడే తెలిసింది. ఆ పేరు ఎక్కడిదో."

మఖీజే ఆ ముద్ద నమిలి మింగాడు. తర్వాత మెల్లగా ఇంగ్లీషులో, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

"మీ తాత కథ చెప్పారు. మంచి కథ. మీ తాతకు ఆ పేరు పెట్టింది తల్లి. బిడ్డ బతకాలని పెట్టింది. నాకు పెట్టింది గుమాస్తా. భోజనానికి పోయే తొందరలో ఉన్నాడు."

"నేను గారు అని కూడా..."

"అవును. అది ఇంకా కష్టంగా ఉండేది. తెల్ల బాసు పిలిస్తే, వాడి సంగతి తెలుసు కదా, ఊరుకునేవాణ్ణి. మీరు నవ్వుతూ పిలిచేవారు. నవ్వే మనిషిని ఏమనాలి?"

"మీ అసలు పేరు చెప్పండి. బిళ్ల మార్పిస్తాను."

మఖీజే తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరుతో నన్ను పిలవగలిగినవాళ్లంతా పోయారు. మా నాన్న, మా పెద్దన్న. మీరు నాకంటే చిన్నవారు, మీకెందుకు ఆ పేరు? నేను మఖీజేని. గౌరవించాలనుకుంటే ఖబజేలా అనండి, అది మా వంశం మూలపురుషుడి పేరు, మాలో పెద్దవాళ్లను అలాగే పిలుస్తాం. లేదంటే ఏమీ అనకండి."

ముద్దుపేరు అనుకున్నదే గౌరవం. గౌరవమనుకున్నదే తిట్టు. ఏడాదికి పైగా తను ఈ మనిషి పక్కన నిలబడి సబ్బు మరిగించాడు, ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసనుకున్నవాడికి అడగాలని ఎలా తోస్తుంది!

గురువారం విచారణ గదిలో లెస్లీ విషయమంతా విని తెల్లబోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే సరైన పేరుతో కొత్త బిళ్ల చేయిస్తానంది. అక్కర్లేదన్నాడు మఖీజే. మరైతే తనేం చేయగలదు? నియమం పాతిక దేశాలకు ఒకటే. ఒకరికి మిస్టర్ అని రాస్తే రేపు అందరూ అడుగుతారు, బాసుల రాజ్యం మళ్లీ వస్తుంది. ఆమె భయం ఆమెది, అదీ అబద్ధం కాదు. చివరకు ఫిర్యాదు కాగితం గిరిధరరావు ముందుకు జరిపింది.

సంతకం పెడితే ఒక ముసలాయన పోతాడు. పెట్టకపోతే కంపెనీ నియమాన్ని కాదన్నట్టే, మూడేళ్ల పొడిగింపు పోతుంది. గిరిధరరావు మహా ధైర్యవంతుడేమీ కాదు. కలం తీశాడు కూడా. కీర్తి బడి కళ్ల ముందు మెదిలింది. ఎదురుగా మఖీజే అతని వంక చూడటం లేదు, కిటికీలోంచి చెరుకు తోటల వైపు చూస్తున్నాడు. ఏమీ ఆశించని మనిషి చూపు అది. అదే అతనికి గుచ్చుకుంది.

"నాకు ఫిర్యాదు లేదు" అని కాగితం వెనక్కి జరిపాడు. "ఈయన మీద ఫిర్యాదు చేయాలంటే ముందు నా మీద చేయండి."

"నీ ఒప్పందం సంగతి ఆలోచించుకో, గిరి" అంది లెస్లీ. బెదిరింపులా కాదు, దిగులుగానే అంది.

ఫిర్యాదుదారు లేక విచారణ ఆగిపోయింది. మఖీజే బిళ్ల లేకుండానే పనిలోకి వెళ్లాడు. మూడు నెలలకు హెడ్డాఫీసు నుంచి గిరిధరరావుకు ఉత్తరం వచ్చింది. కంపెనీ విలువలను అమలు చేయడంలో నిలకడ చూపలేదట. రెండేళ్లు పూర్తికాగానే విశాఖకు తిరిగి వెళ్లవచ్చట. వసంత రెండుసార్లు చదివి మడత పెట్టింది.

"కీర్తికి నేను చెప్తాలెండి" అంది. "ఆ సంతకం పెట్టి వచ్చుంటే నాకు మొహం చూపించేవారా?" అని అడిగింది. 

ఇంతటితో తన వంతు తీరిందని, తప్పుకు మూల్యం చెల్లించేశానని గిరిధరరావు అనుకున్నాడు. కొంచెం గొప్పగా కూడా అనిపించింది, దాచడమెందుకు. ఆ గొప్ప వారం రోజులు నిలిచింది. ఒక ఉదయం మెట్లు దిగుతుంటే కింద కుర్రాళ్ల నవ్వులు వినిపించాయి. కొత్తగా చేరిన జులూ కుర్రాడొకడు నడుం మీద చేతులు వేసుకుని, అచ్చం అతని గొంతుతో, అతని యాసతో, బాణలి వైపు తిరిగి కేకేస్తున్నాడు: "సిక్స్‌పెన్స్ గారూ!"

మఖీజే వినిపించుకోనట్టే తాపీ తుడుచుకుంటున్నాడు.

గిరిధరరావు మెట్ల మధ్యలో ఆగిపోయాడు. అయిదేళ్లుగా ఫైల్లో పడి ఉన్న పేరును పైకి తీసింది కంపెనీ. ఆ పేరెరగని కుర్రాళ్లకు నేర్పింది తను. సంవత్సరం తిరిగేసరికి తను విమానమెక్కి పోతాడు. ఈయన ఇక్కడే, ఈ నవ్వుల మధ్యే, ఆఖరి నెలలు గడపాలి. ఈయన ఉద్యోగం నిలబడటం తన ఘనత అనుకుంటే, ఈ నవ్వు ఎవరి ఖాతాలో వేయాలి? 

అతను గదిలోకి పోలేదు. షిఫ్టు మారే గంట మోగేదాకా అక్కడే నిలబడ్డాడు. పోయే షిఫ్టు, వచ్చే షిఫ్టు బాణలి ముందు కలుసుకునే చోట, మూడు వారాలు ఏ మెట్టు మీద నుంచి కేకలేశాడో ఆ మెట్టు మీద నుంచే, అదే గొంతుతో అరిచాడు.

"అందరూ ఆగండి. నేను మీ పెద్దాయన్ని ఒక పేరుతో పిలిచాను. అది ఆయన పేరు కాదు. గేటు దగ్గర మా భాషవాడొకడు బద్ధకించి రాసిన రాత అది. నేను దాన్ని గౌరవమనుకుని ఊరంతా చాటాను. మీరు నా దగ్గర నేర్చుకున్నారు. నా దగ్గరే మరిచిపోండి. ఆయన మఖీజే. ఖబజేలా, నన్ను క్షమించండి. మీకు నేను చాలా అవమానం చేశాను."

 వెక్కిరించిన కుర్రాడు నేల చూపులు చూశాడు. వెనక వరసలో విల్‌ఫ్రెడ్ టోపీ తీశాడు.

మఖీజే నవ్వలేదు. క్షమించాననలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, నెమ్మదిగా మెట్ల కిందికి వచ్చి, తల ఎత్తి చూశాడు.

"మీ ఇంటివాళ్లని ఏమంటారు? గిరి కాదు. మీ నాన్న, మీ తాత, అందరిదీ ఒక్క పేరు ఉంటుంది కదా."

ఈ దేశంలో అడుగుపెట్టాక ఎవరూ అతన్ని ఇంటిపేరు అడగలేదు. పాస్‌పోర్టులో ఉన్నదాన్ని ఒక్క అక్షరానికి కుదించి ఫారాల్లో రాసుకుంటూ తనే సగం మరిచిపోయాడు.

"గేదెల" అన్నాడు.

"అంటే?"

"పాలిచ్చే పశువులు. నల్లవి."

మఖీజే ఆలోచించి తల పంకించాడు. పశువుల పేరు తక్కువదేమీ కాదన్నట్టు రెండోసారి కూడా పంకించాడు.

"గేదెలా" అని మెల్లగా పలికి చూసుకున్నాడు. తర్వాత అందరికీ వినిపించేలా అన్నాడు: "గేదెలా, కిందికి రండి. పాకం చూడాలి."